ఎర్ర డబ్బా చొక్కా కథ

గుంటూరు నుంచి ఒక కుర్రాడు నాకు ఉత్తరం రాశాడు. కుశలప్రశ్నలు లేవు, నా శీర్షిక మీద పొగడ్తలూ లేవు. సూటిగా సంగతిలోకి దిగాడు. "మా హీరోగారు విమానాశ్రయంలో దిగిన ఫోటోలో వేసుకున్న టీ షర్టు మీద ఎర్ర డబ్బా, అందులో తెల్ల అక్షరాలూ ఉన్నాయి. అదే చొక్కా మా ఊళ్ళో బండి మీద మూడు వందలకిస్తున్నాడు. ఇంటర్నెట్‌లో చూస్తే ముప్ఫై వేలంటున్నారు. అసలా డబ్బాలో ఏముందండీ?"

ఆ హీరో ఎవరని మాత్రం నన్ను అడక్కండి. ఒకరి పేరు రాస్తే మిగతా అభిమాన సంఘాల వారితో నేను పడలేను.

డబ్బాలో ఏముందో ముందే చెప్పేస్తాను. ఒక ఇంగ్లీషు మాట ఉంది. "సుప్రీమ్". అంతే! బొమ్మ లేదు, పువ్వు లేదు, జరీ అంచు అసలే లేదు. ఆ ఒక్క మాటనే 2020లో ఒక అమెరికా కంపెనీ 210 కోట్ల డాలర్లు పోసి కొనుక్కుంది. రూపాయల్లోకి మార్చే పని మీకే వదిలేస్తున్నాను. నాకు కళ్ళు తిరుగుతున్నాయి.

మనకి తెలిసిన ఫ్యాషన్ల దారి వేరు. తెర మీద వాణిశ్రీగారు కొప్పు పెడితే ఊరూరా ఆడపిల్లల తలలు పెరిగాయి. 1973లో "బాబీ" వచ్చాక చుక్కల గుడ్డకి "బాబీ ప్రింటు" అని పేరొచ్చి బట్టల కొట్లలో తానులకి తానులు లేచిపోయాయి. కృష్ణగారు 1971లో "మోసగాళ్ళకు మోసగాడు"లో కౌబాయ్ టోపీ పెట్టుకుంటే ఫోటో స్టూడియోల వాళ్ళు అలాంటి టోపీ ఒకటి కొని గోడకి తగిలించుకోవాల్సి వచ్చింది. తెర మీంచి టైలరు కొట్టుకి, టైలరు కొట్టు నుంచి వీధిలోకి... అదీ వరస.

ఈ ఎర్ర డబ్బా కథ తిరగబడి నడిచింది. వీధిలో పుట్టి, కొట్టుకెక్కి, ఆ తరవాతే తెరకెక్కింది. ఎక్కేటప్పుడు కొందరు కుర్రాళ్ళని భుజాన ఎక్కించుకుంది, కొందరిని కిందే వదిలేసింది. నాకు నచ్చిందీ, నొచ్చిందీ కూడా ఆ భాగమే.

ముందు ఆ చెక్క బండి సంగతి చూద్దాం. స్కేట్‌బోర్డ్ అంటే మూరెడు పైచిలుకు చెక్క, కింద నాలుగు చక్రాలు. సముద్రంలో అలల మీద పలకలతో ఆడుకునే కాలిఫోర్నియా కుర్రాళ్ళు, అలల్లేని రోజున తోచక రోడ్డు మీద ఆడుకోవడానికి పట్టుకున్న వస్తువు. మొదట్లో చక్రాలు మట్టివి, గులకరాయి తగిలితే మనిషి బొక్కబోర్లా పడాల్సిందే. 1970ల మొదట్లో పాలీయురేథేన్ చక్రాలొచ్చాయి. దాంతో బండికి పట్టు దొరికింది. 1976, 77 సంవత్సరాల్లో కాలిఫోర్నియాలో నీటి కరువొచ్చి డబ్బున్నవాళ్ళ పెరళ్ళలో ఈత కొలనులు ఎండిపోతే, శాంటా మోనికా, వెనిస్ ప్రాంతాల పేద కుర్రాళ్ళు గోడలు దూకి ఆ ఖాళీ కొలనుల్లో ఈ బండ్లు నడిపారు. గుండ్రటి గోడల మీద పైకీ కిందకీ! ఒకరికి కరువు, ఇంకొకరికి పండగ. ఆ జట్టులోని స్టేసీ పెరాల్టా పెద్దయ్యాక దర్శకుడై తమ కథని "డాగ్‌టౌన్ అండ్ జీ బాయ్స్" అని 2001లో డాక్యుమెంటరీగా తీశాడు. ఆ కథే 2005లో "లార్డ్స్ ఆఫ్ డాగ్‌టౌన్" అనే సినిమాగానూ వచ్చింది. దొరికితే రెండూ చూడండి. నన్నడిగితే డాక్యుమెంటరీకే ఎక్కువ మార్కులు వేస్తాను.

ఈ ఆటకీ బట్టలకీ చుట్టరికం ఎక్కడ కలిసిందంటే, పడటంలో కలిసింది. ఈ ఆటలో గంటకి ఇరవైసార్లు పడాలి. మోకాలు చిరుగుతుంది, మోచెయ్యి దోక్కుపోతుంది, జోడు వారం రోజుల్లో అరుగుతుంది. కనక గుడ్డ దళసరిగా ఉండాలి, కాళ్ళాడటానికి వదులుగా ఉండాలి, జోడుకి అడుగు అతుక్కుపోయే రబ్బరుండాలి. ఆ రబ్బరు అడుగుతోనే వాన్స్ వారు బాగుపడ్డారు. 1982లో "ఫాస్ట్ టైమ్స్ ఎట్ రిడ్జ్‌మాంట్ హై" సినిమాలో షాన్ పెన్ నలుపు తెలుపు గళ్ళ వాన్స్ జోళ్ళు వేసుకున్నాడు. ఆ జోళ్ళకి దేశమంతా గిరాకీ లేచింది. అంత గిరాకీ వచ్చిన రెండేళ్ళకే, 1984లో, ఆ కంపెనీ దివాలా అర్జీ పెట్టుకుంది! పేరొచ్చింది కదాని చేతికందిన సరుకల్లా తయారు చేయబోయి అప్పుల్లో పడ్డారు. (తరవాత తేరుకున్నారు లెండి.) ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

ఇప్పుడు అసలు మనిషి ప్రవేశం. జేమ్స్ జెబ్బియా. పుట్టింది అమెరికాలో, పెరిగింది ఇంగ్లండులో. కుర్రతనంలో బ్యాటరీల ఫ్యాక్టరీలో పనిచేశాడు. 1983లో, పందొమ్మిదేళ్ళ వయసులో న్యూయార్క్ వచ్చి ఒక బట్టల దుకాణంలో గుమాస్తాగా చేరాడు. 1989లో "యూనియన్" అని సొంత దుకాణం తెరిచాడు. అక్కడ బాగా అమ్ముడుపోయిన సరుకు షాన్ స్టూసీ అనే కాలిఫోర్నియా అతనిది. ఈ స్టూసీ అలల పలకలు చెక్కేవాడు. పలక మీద గీసే తన గిలుకురాత సంతకాన్నే చొక్కాల మీద అచ్చేసి అమ్మడం మొదలుపెట్టాడు. పలకల కంటే చొక్కాలు ఎక్కువ పోయాయి. 1991లో న్యూయార్క్‌లో స్టూసీ దుకాణం పెడితే దాన్ని నడిపింది జెబ్బియానే. కానీ స్టూసీకి ఈ వ్యాపారం మీద మనసు విరుగుతోందని తెలిశాక, మనవాడు తన దారి తను చూసుకున్నాడు.

1994 ఏప్రిల్‌లో లఫాయెట్ వీధి 274వ నంబరులో సుప్రీమ్ తెరుచుకుంది. పెట్టుబడి పన్నెండు వేల డాలర్ల చిల్లర. న్యూయార్క్‌లో దుకాణం పెట్టడానికి అది ఇప్పుడు అడ్వాన్సుకి కూడా చాలదు. ఇంకో విచిత్రం, జెబ్బియాకి స్కేట్‌బోర్డ్ ఆట రాదు! ఈత రాని మనిషి పడవలు చేయించినట్టుంది కదూ? రానందువల్లే ఆయనకొక తెలివి అబ్బింది. వచ్చినవాళ్ళనే తెచ్చి కొట్లో కూచోబెట్టాడు.

దుకాణం లోపల బట్టలన్నీ గోడల వారన సర్దించి మధ్యంతా ఖాళీగా వదిలేశాడు. ఎందుకయ్యా అంటే కుర్రాళ్ళు వీధిలోంచి బండి దిగకుండా తిన్నగా లోపలికి దొర్లుకుంటూ రావడానికి. పాట చెవులు పగిలేలా మోగేది. గుమాస్తాలందరూ ఆటగాళ్ళే. వచ్చినవాణ్ణి కళ్ళెత్తి చూసేవారు కాదు. మడత పెట్టిన చొక్కాని చేత్తో ముట్టుకుంటే కసురుకునేవారట. మన బట్టల కొట్లు తలుచుకోండి. "రండి రండి, లోపలికి రండి, కూచోండమ్మా, కూల్‌డ్రింకు తాగుతారా?" అంటూ యాభై చీరలు విప్పి పరిచి, ఒక్కటీ కొనకుండా లేచినా నవ్వుతూ సాగనంపే కొట్లు! అక్కడ మర్యాద లేకపోవడమే సరుకుకి గిరాకీ తెచ్చింది. "వీడు నన్ను లెక్కచెయ్యడం లేదు, కనక ఇక్కడేదో ఉంది" అనుకోవడం మనిషి బలహీనత. కుర్రతనంలో మరీనూ.

ఆ రోజుల్లో ఈ ఆట కంపెనీలు అమ్మే బట్టలు పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లల కోసం చవకగా కుట్టినవి. న్యూయార్క్ కుర్రాళ్ళు పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ వాళ్ళు. వాళ్ళు కూలీలు వేసుకునే కార్‌హార్ట్ కోటు, లీవైస్ ప్యాంటు, వీలైతే ఒక పోలో చొక్కా కలిపి వేసుకునేవారు. ఎండిన కొలనులు వాళ్ళకెక్కడివి? మెట్లు, బెంచీలు, రైలింగులు, బ్రూక్లిన్ వంతెన కింద ఇటుకల వాలు, అవే వాళ్ళ మైదానాలు. జెబ్బియా వాళ్ళ ఒంటి మీద ఏముందో చూశాడు. అలాంటివే, అంతకంటే దళసరిగా, కుట్టు గట్టిగా ఉండేవి తక్కువ రకాలు తయారు చేయించాడు. ముందుగా వచ్చిన మూడు టీ షర్టుల్లో ఒకటి ఎర్ర డబ్బా. ఇంకొకటి మన సినిమావాళ్ళ సొత్తు! మార్టిన్ స్కోర్సెసీ 1976లో తీసిన "టాక్సీ డ్రైవర్"లోంచి రాబర్ట్ డి నీరో బొమ్మ. అంటే దుకాణం తెరిచిన రోజు నుంచీ సినిమా దాని చొక్కా మీదే ఉందన్నమాట.

ఇక్కణ్ణించి కథ తెర మీదకి పోతుంది. కాస్త నెమ్మదిగా చదవండి.

ల్యారీ క్లార్క్ అని ఒక ఫోటోగ్రాఫరు. యాభయ్యో పడిలో పడుతున్న మనిషి. వాషింగ్టన్ స్క్వేర్ పార్కులో ఈ కుర్రాళ్ళ వెంట కెమెరా పట్టుకుని తిరుగుతూండేవాడు. అక్కడే హార్మొనీ కోరిన్ అనే టీనేజి కుర్రాడు తగిలాడు. అతని చేత కథ రాయించాడు. ఇళ్ళలో పెద్దవాళ్ళు పట్టించుకోని పిల్లలు న్యూయార్క్ వీధుల్లో ఒక్క రోజు ఎలా గడిపారన్నదే కథ. అందులో మత్తుమందులు, తిరుగుళ్ళు, ఎయిడ్స్ భయం అన్నీ ఉన్నాయి. 1994 వేసవిలో షూటింగు. అంటే సుప్రీమ్ తలుపులు తెరిచిన కొద్ది నెలలకే. వేషాలెవరికి? పేరున్న వాళ్ళెవరికీ కాదు. పార్కులో, ఆ దుకాణం ముందు తిరిగే కుర్రాళ్ళకే! జస్టిన్ పియర్స్, హెరాల్డ్ హంటర్, ఇంకా వాళ్ళ జట్టంతా. రొసారియో డాసన్ తన ఇంటి మెట్ల మీద కూచుని ఉంటే చూసి వేషమిచ్చారు. క్లోయీ సెవెన్యీకీ అదే మొదటి సినిమా.

1995లో "కిడ్స్" విడుదలైంది. పదిహేను లక్షల డాలర్ల ఖర్చుతో తీసిన బొమ్మ అమెరికాలోనే డెబ్భై లక్షలు దాటి వసూలు చేసింది. పెద్దమనుషులు గగ్గోలు పెట్టారు. డిస్నీ వారి నీడన ఉన్న మిరామాక్స్ అధిపతులు తమ పేరు మీద విడుదల చెయ్యలేక వేరే కంపెనీ పెట్టి మరీ విడుదల చేశారు. (పిల్లలు చూసే సినిమా కాదు సుమండీ! నా శీర్షికలో చదివి చూశామని ఇంట్లో చెప్పి నన్ను ఇరికించకండి.) ఆ సినిమాతో న్యూయార్క్ స్కేట్‌బోర్డ్ కుర్రాడంటే ఎలా ఉంటాడో, ఎలా నడుస్తాడో, ప్యాంటు ఎంత వదులుగా వేసుకుంటాడో ప్రపంచానికి తెలిసింది. ఒక దుకాణానికి అంతకు మించిన పబ్లిసిటీ డబ్బు పోసినా దొరకదు. సుప్రీమ్ దాని కోసం వాల్‌పోస్టరు అచ్చెయ్యక్కర్లేకపోయింది.

మరి ఆ కుర్రాళ్ళేమయ్యారు?

డాసన్, సెవెన్యీ పైకొచ్చారు. 1999లో వచ్చిన "బాయ్స్ డోంట్ క్రై"లో నటనకి సెవెన్యీకి ఆస్కార్ నామినేషను కూడా వచ్చింది. జస్టిన్ పియర్స్‌కి తొలి నటనకి ఇండిపెండెంట్ స్పిరిట్ అవార్డిచ్చారు. కానీ 2000లో, పాతికేళ్ళ వయసులో ఆత్మహత్య చేసుకున్నాడు. హెరాల్డ్ హంటర్ ఆ జట్టుకంతటికీ నవ్వులు పంచేవాడు, వీధిలో వాణ్ణి ఎరగని వాడు లేడు. 2006లో మత్తుమందు వల్ల గుండె ఆగి పోయాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు. 2021లో "వియ్ వర్ వన్స్ కిడ్స్" అని ఒక డాక్యుమెంటరీ వచ్చింది. అందులో ఆనాటి జట్టులో మిగిలినవాళ్ళు మాట్లాడతారు. తమ బతుకునీ, తమ మాటల్నీ, తమ వేషాన్నీ సినిమాకి ఇచ్చామనీ, చేతికి ముట్టింది చిల్లరేననీ వాళ్ళ బాధ. సినిమా తీసినవాళ్ళ వాదన వేరే ఉండొచ్చు. మన పరిశ్రమలో ఎక్స్‌ట్రాల బతుకులు చూసినవాణ్ణి గనక నాకా బాధ కొత్తగా అనిపించలేదు.

సరే, ఎర్ర డబ్బా దగ్గరకొద్దాం. అది కూడా సొంతం కాదంటే మీరు నమ్మాలి. బార్బరా క్రూగర్ అని న్యూయార్క్‌లో పేరు మోసిన కళాకారిణి ఉంది. పాత ఫోటోల మీద ఎర్ర పట్టీలు వేసి, వాటిలో ఫ్యూచురా అనే అక్షరాల్ని వాలుగా పేర్చి, "కొనుక్కోండి, కొనుక్కోండి" అని ఊదరగొట్టే లోకాన్ని వెక్కిరించడం ఆవిడ పని. 1987లో ఆవిడ చేసిన ఒక ప్రసిద్ధమైన బొమ్మ సాంతం షాపింగు పిచ్చి మీద వేళాకోళమే. అదే ఎరుపు, అదే అక్షరం, అదే వాలు! కొనుగోళ్ళని ఎగతాళి చేసిన అక్షరంతోటే కొనుగోళ్ళ కోట కట్టారు.

ఆవిడ చాలా ఏళ్ళు నోరెత్తలేదు. 2013లో సుప్రీమ్ వారు తమ డబ్బాని అనుకరించిందని ఒక మహిళా డిజైనరు మీద కోటి డాలర్లకి దావా వేశారు. అప్పుడొక విలేఖరి క్రూగర్‌ని అడిగితే, ఇరుపక్షాలనీ కలిపి నాలుగు చీవాట్లు రాసి పంపింది. ఆ మాటలు ఇక్కడ అచ్చెయ్యడానికి మా ఎడిటరుగారు ఒప్పుకోరు. ఆ దావా చివరికి రాజీ అయింది. 2017లో ఇంకా తమాషా చేసింది. న్యూయార్క్‌లో ఒక స్కేట్‌బోర్డ్ పార్కుని తన ఎర్ర పట్టీలతో, తన అక్షరాలతో నింపేసి, తాత్కాలికంగా ఒక దుకాణం తెరిచి, టోపీలూ చొక్కాలూ పెట్టి, జనాన్ని వీధి క్యూలో నిలబెట్టింది. నోటితో తిట్టినదాని కంటే ఇదే గట్టిగా తగిలిందని నా అభిప్రాయం.

ఇంకో ముచ్చట. 2000లో లూయీ విట్టాన్ అనే ప్యారిస్ సంపన్నుల సంచీల కంపెనీ గుర్తులాంటిదాన్ని సుప్రీమ్ తన చెక్క బండ్ల మీద అచ్చేస్తే, ఆ కంపెనీ లాయరు నోటీసిచ్చి ఆపించింది. పదిహేడేళ్ళు తిరిగాయి. 2017 జనవరిలో ప్యారిస్ ఫ్యాషన్ షోలో అదే లూయీ విట్టాన్ పెట్టెల మీద సుప్రీమ్ అక్షరాలు! నోటీసిచ్చిన చేత్తోనే వియ్యమందుకున్నారు. మన సినిమాల్లో మూడో రీలులో గెంటేసిన మామగారు పద్నాలుగో రీలులో పల్లకీ పంపినట్టు.

ఇప్పుడు గుంటూరు కుర్రాడి అసలు ప్రశ్న. మూడు వందలకీ ముప్ఫై వేలకీ తేడా ఎందుకు?

దీనికి జవాబు మీలో ప్రతి ఒక్కరికీ తెలుసు. మొదటి రోజు మొదటి ఆటకి హాలు ముందు నిలబడ్డవాడికి తెలియని అర్థశాస్త్రం లేదు. హాల్లో వెయ్యి సీట్లు, బయట పదివేల మంది. "హౌస్‌ఫుల్" బోర్డు పడగానే మూలనున్న మనిషి చెవి దగ్గరకొచ్చి గొణుగుతాడు. ఆ గొణుగుడే బ్లాకు. సుప్రీమ్ ఈ బోర్డుని ఏడాది పొడుగునా వేలాడదీసింది. ప్రతి గురువారం పొద్దున్న పదకొండు గంటలకి కొత్త సరుకు కొన్ని రకాలు వదులుతారు. రకానికి ఎన్నో చెప్పరు. అయిపోతే మళ్ళీ చెయ్యరు. ఆరు వందలు పోతాయనిపిస్తే నాలుగు వందలే చేయిస్తానని జెబ్బియా పద్ధతి. మొదట్లో ఇది గొప్ప ఎత్తు కూడా కాదు. చిన్న కొట్టువాడికి అమ్ముడుపోని సరుకంటే భయం, అంతే. ఆ భయమే పోనుపోను వ్యాపార సూత్రమైంది.

1998లో టోక్యోలో దుకాణం తెరిచారు. జపాను కుర్రకారుకి ఈ పిచ్చి న్యూయార్క్ కంటే ముదిరింది. 2004లో లాస్ ఏంజిలిస్, 2011లో లండన్, 2016లో ప్యారిస్. క్యూలు వీధులు దాటాయి. పొరుగువాళ్ళు పోలీసులకి ఫిర్యాదులు చేశారు. క్యూలో నిలబడ్డవాళ్ళలో చాలామందికి చెక్క బండి ఎక్కడమే రాదు. కొని, సాయంత్రానికి రెట్టింపు ధరకి అమ్ముకోవడమే వాళ్ళ వృత్తి. 2016లో ఏకంగా ఒక ఇటిక మీద సుప్రీమ్ అని అచ్చేసి ముప్ఫై డాలర్లకి పెట్టారు. ఔను, ఇల్లు కట్టుకునే ఇటికే! అదీ క్షణాల్లో అయిపోయి బ్లాకులోకి పోయింది. 2018 ఆగస్టులో "న్యూయార్క్ పోస్ట్" దినపత్రిక పైపేజీ అంతా తెల్లగా వదిలి ఎర్ర డబ్బా ఒక్కటే వేస్తే, పొద్దెక్కకముందే ఆ రోజు పత్రిక నగరంలో దొరకలేదు. వార్తలు చదవడానికి కొన్నవాడెవడూ లేడు. అదే ఏడాది అమెరికా ఫ్యాషన్ డిజైనర్ల సంఘం జెబ్బియాకి మగవారి దుస్తుల్లో ఆ యేటి ఉత్తమ డిజైనరు బహుమతిచ్చింది.

నకిలీల సంగతి మీ ఊరి బండి వరకే అనుకోకండి. ఇటలీలో ఒక కంపెనీ "సుప్రీమ్ ఇటాలియా" అని పేరు ముందుగా రిజిస్టరు చేసుకుని దర్జాగా దుకాణాలు నడిపింది. 2018 డిసెంబరులో శామ్‌సంగ్ వారి చైనా శాఖ, ఆ బాపతు సుప్రీమ్‌తో పొత్తు పెట్టుకున్నామని వేదికెక్కి ప్రకటించి నవ్వులపాలై, తరవాత విరమించుకుంది. ఆ నకిలీ వ్యాపారం నడిపిన వాళ్ళకి 2021లో లండన్ కోర్టు జైలుశిక్ష వేసింది.

ఇక పెద్ద పద్దులు త్వరగా చెప్పేస్తాను. 2017లో కార్లైల్ అనే పెట్టుబడి సంస్థ సగం వాటాకి సుమారు 50 కోట్ల డాలర్లిచ్చింది. 2020లో వీఎఫ్ కార్పొరేషన్ మొత్తం కొనేసింది. వాన్స్ జోళ్ళ యజమానులూ వీళ్ళే. అక్కణ్ణించి వాన్స్ పాత జబ్బే తగులుకుంది. ఇంత పోసి కొన్నాక ఎక్కువ అమ్మాలి కదా! ఎక్కువ అమ్మితే హౌస్‌ఫుల్ బోర్డు పడదు, బోర్డు పడకపోతే బ్లాకు లేదు, బ్లాకు లేనిచోట క్యూ ఎందుకుంటుంది? 2024లో 150 కోట్ల డాలర్లకే వదిలించుకున్నారు. కొన్నవారు ఎస్సిలార్‌లగ్జోటికా. రేబాన్ కళ్ళజోళ్ళ కంపెనీ వారు! 1983లో "రిస్కీ బిజినెస్"లో టామ్ క్రూజ్ పెట్టుకున్న నల్ల కళ్ళద్దాలు వాళ్ళవే. తెర మీది వస్తువుని అమ్ముకోవడం వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు.

మధ్యలో ఇంకో తగువు. 2022లో ట్రెమేన్ ఎమరీ అనే నల్లజాతి డిజైనర్‌ని క్రియేటివ్ డైరెక్టరుగా పెట్టుకున్నారు. 2023లో ఆయన రాజీనామా చేశాడు. ఆర్థర్ జాఫా అనే కళాకారుడి చిత్రాలతో చెయ్యాల్సిన చొక్కాల విషయంలో తనతో సరిగా మాట్లాడలేదనీ, సంస్థలో వర్ణవివక్ష ఉందనీ ఆయన ఆరోపణ. కంపెనీ ఆ మాట ఒప్పుకోలేదు. న్యాయం ఎటుందో తేల్చడానికి నేనెవర్ని? కానీ హెరాల్డ్ హంటర్ లాంటి నల్లజాతి కుర్రాళ్ళ నడకా మాటా మీద లేచిన దుకాణంలో ఈ ప్రశ్న రావడం, వచ్చిందాకా ముప్ఫై ఏళ్ళు పట్టడం నాకు గుచ్చుకుంది.

కనక గుంటూరు తమ్ముడూ, నీ మూడు వందల చొక్కా సంగతి ఇదీ. గుడ్డ పల్చనైతే రెండు ఉతుకులకి డబ్బా పెచ్చులూడుతుంది, అంతకు మించి నష్టం లేదు. ముప్ఫై వేలలో గుడ్డ ఖరీదు, కుట్టు ఖరీదు పోగా మిగిలేదంతా బ్లాకు టిక్కెట్టు. అది జెబ్బియాకి కూడా పోదు, మధ్యలో గొణిగే మనిషికి పోతుంది. హీరోగారు వేసుకున్నది కొన్నదో, ఎవరైనా పంపినదో అది ఆయన సెక్రటరీకే తెలియాలి. ఫీజు కట్టాల్సిన నెలలో మాత్రం ఆ ఉబలాటం పెట్టుకోకు. మీ నాన్నగారు నాకు ఉత్తరం రాస్తే నేను జవాబు చెప్పలేను.

హెరాల్డ్ హంటర్ పేరుతో అతని ఆప్తులు ఒక ఫౌండేషన్ పెట్టారు. న్యూయార్క్‌లో లేనివాళ్ళ పిల్లలకి స్కేట్‌బోర్డ్ ఆట ద్వారా చేయూతనివ్వడం దాని పని. ఎర్ర డబ్బా చొక్కాల పక్కన ఆ పేరు ఎంతమందికి కనబడుతుందో మరి.

మన దేశంలోనూ ఈ చెక్క బండి మీద ఒక సినిమా వచ్చింది. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన "స్కేటర్ గర్ల్". రాజస్థాన్‌లో ఒక పల్లెటూరి పిల్ల బండెక్కడం నేర్చుకునే కథ. దర్శకురాలు మంజరి మాకీజానీ. ఎవరనుకున్నారు? "షోలే"లో గబ్బర్ సింగ్ పక్కన బండ మీద కూచున్న సాంబా గుర్తున్నాడా, ఆ మాక్ మోహన్ కూతురు! ఊరి పిల్లలకి ఆటస్థలం ఇచ్చే మహారాణి వేషం వహీదా రెహమాన్‌గారిది. 1955లో మన "రోజులు మారాయి"లో నాట్యం చేసి తెలుగు కుర్రకారు చేత ఈలలు వేయించిన వహీదాగారే. ఒక్క సీను కోసమైనా చూడొచ్చు.

ఆ సినిమా కోసం ఉదయపూర్ దగ్గర ఖేమ్‌పూర్ అనే ఊళ్ళో నిజంగానే సిమెంటుతో ఒక స్కేట్‌బోర్డ్ పార్కు కట్టారు. షూటింగు అయిపోగానే సెట్టు పీకి చెక్కలు లారీకెత్తడం మన పరిశ్రమ ఆనవాయితీ కదా. దీన్ని పీకలేదు. ఆ ఊరి పిల్లలకే వదిలేసి వచ్చారు.